ఒక బిడ్డ, ఆరుగురు డాక్టర్లు, ఒకే నోటు పుస్తకం

పుట్టుకతో అరుదైన లోపాలున్న పిల్లల విషయంలో మాట ఎక్కడ తెగిపోతుంది? దాన్ని ఎలా కలుపుకోవాలి?

పాప పుట్టగానే గట్టిగా ఏడ్చింది. బరువు రెండు కేజీల ఆరువందల గ్రాములు. అమ్మమ్మ చేతుల్లో పెట్టేసరికి అందరి ముఖాల్లో వెలుగు. అరగంట గడిచాక పాప నోటి వెంట నురగ రావడం మొదలైంది. సిస్టరు తుడిచింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తుడిచింది. మళ్ళీ వచ్చింది.

"ఉమ్మనీరు మింగినట్టుంది సిస్టరమ్మా. రెండు చుక్కలు తేనె నాకిస్తే సర్దుకుంటుంది" అంది అమ్మమ్మ.

సిస్టరు తేనె వద్దంది. పాలు కూడా ఇప్పుడే పట్టవద్దంది. నోటి గుండా సన్నని గొట్టాన్ని మెల్లగా లోపలికి పంపి చూసింది. పది సెంటీమీటర్లు వెళ్ళి గొట్టం ఆగిపోయింది. ఇంకా తోస్తే వెనక్కి మళ్ళుతోంది. ఆమె వెంటనే డాక్టరుగారిని పిలిచింది.

ఆ సిస్టరు చేసిన పని చూడడానికి చిన్నది. కాని ఆ రోజు పాప బ్రతకడానికి కారణం అదే. ఎనిమిది నెలల తరువాత అదే పాపకు ఒక కిడ్నీ సగం దెబ్బతినడానికి కారణం కూడా చిన్నదే. ఒక కాగితంలో మూడో పేజీని ఎవరూ చదవకపోవడం. ఈ రెండు సంగతుల మధ్య జరిగినదాన్ని ఈ నెల మీతో పంచుకోవాలనుకుంటున్నాము. ఇక్కడ చెప్పే కథ ఏ ఒక్క కుటుంబానిదీ కాదు. ఇటువంటి బిడ్డలను పెంచుతున్న కుటుంబాల అనుభవాలను కలిపి చెబుతున్నాము. పేర్లు, ఊళ్ళు అందుకే ఇవ్వడం లేదు.

ఏమిటీ లోపం?

మనం మింగిన ఆహారం గొంతు నుండి జీర్ణాశయానికి వెళ్ళే దారిని అన్నవాహిక అంటాము. దాని ముందు పక్కనే గాలి వెళ్ళే శ్వాసనాళం ఉంటుంది. తల్లి కడుపులో మొదట ఈ రెండూ ఒకే గొట్టంగా మొదలవుతాయి. నాలుగు నుండి ఆరు వారాల మధ్య విడిపోయి రెండు దారులు అవుతాయి. ఈ విడిపోవడం సరిగా జరగకపోతే అన్నవాహిక మధ్యలో తెగిపోతుంది. పై భాగం మూసుకుపోయిన సంచిలాగా ఉంటుంది. క్రింది భాగం చాలామందిలో వెళ్ళి శ్వాసనాళానికి అతుక్కుని ఉంటుంది. నూటికి సుమారు 85 మంది బిడ్డల్లో కనిపించేది ఈ రకమే.

బిడ్డ ఉమ్మి మింగలేదు. అది సంచిలో నిండి నురగగా బయటికి వస్తుంది, లేదా గాలిగొట్టంలోకి పొర్లుతుంది. పాలు పట్టామంటే అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జీర్ణాశయంలోని ఆమ్లం కూడా క్రింది దారి గుండా ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతుంది. అందుకే ఇటువంటి బిడ్డకు తేనె, పంచదార నీళ్ళు, ఆముదం, గాడిద పాలు ఏవి పట్టినా అవి మందు కావు, ప్రమాదం.

ఈ లోపాన్ని థామస్ గిబ్సన్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1697లోనే వివరంగా వ్రాశాడు. అయినా ఆ తరువాత రెండు శతాబ్దాలకు పైగా ఈ బిడ్డలు బ్రతకలేదు. 1941లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, యాన్ ఆర్బర్‌లో డాక్టర్ కామెరాన్ హైట్ తెగిన రెండు కొసలను ఒకే ఆపరేషన్‌లో కలిపి బిడ్డను బ్రతికించగలిగారు. ఈ రోజు మన రాష్ట్రాల్లోనూ పిల్లల సర్జరీ విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్ చేస్తున్నారు. హైదరాబాదులోని నీలోఫర్, విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి అటువంటివే.

ఈ లోపం సుమారు మూడు వేల నుండి నాలుగున్నర వేల కాన్పులకు ఒకటి చొప్పున కనిపిస్తుంది. అంటే ఒక చిన్న ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి ఒక్కటి కూడా రాకపోవచ్చు. వచ్చిన రోజున మాత్రం గుర్తుపట్టవలసింది అక్కడ డ్యూటీలో ఉన్న సిస్టరే.

మొదటి గంటల్లో

పాప పుట్టిన ఆసుపత్రిలో పిల్లల సర్జన్ లేరు. పెద్ద ఊరికి పంపాలి. ఇటువంటి సమయంలో కంగారుపడి బిడ్డను గుడ్డలో చుట్టి వాహనం ఎక్కించేయడం చాలా చోట్ల జరుగుతుంది. ఆ రోజు డాక్టరుగారు అలా చేయలేదు. ముందు ఫోన్ తీసుకున్నారు. పెద్దాసుపత్రి డాక్టరుతో మాట్లాడి, మంచం ఖాళీగా ఉందని తెలుసుకున్న తరువాతే 108కి ఫోన్ చేయించారు.

బిడ్డను పంపేటప్పుడు పాటించినవి ఇవి:

1. నోటి గుండా ఏమీ పట్టలేదు. నరం గుండా గ్లూకోజు పెట్టారు.
2. తల వైపు ఎత్తుగా పడుకోబెట్టారు. అలా చేస్తే కడుపులోని ఆమ్లం ఊపిరితిత్తుల్లోకి తక్కువగా వెళ్తుంది.
3. సంచిలో చేరిన ఉమ్మిని దారి పొడవునా మాటిమాటికీ సక్షన్‌తో తీశారు.
4. బిడ్డ ఒళ్ళు చల్లబడకుండా టోపీ పెట్టి వెచ్చగా ఉంచారు.
5. విటమిన్ కె ఇంజక్షన్ ఇచ్చి, ఇచ్చినట్టు వ్రాశారు.
6. ఒక పేజీ ఉత్తరం పంపారు. పుట్టిన సమయం, బరువు, గొట్టం ఎక్కడ ఆగింది, ఇచ్చిన మందులు, మూత్రం పోసిందా, మలవిసర్జన అయిందా, తల్లికి షుగరు ఉందా, ఆమె బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబరు. అంతే.

ఆ ఒక్క పేజీ వల్ల పెద్దాసుపత్రిలో అదే ప్రశ్నలు మళ్ళీ అడగవలసిన పని లేకపోయింది. తండ్రి బిడ్డతో వెళ్ళాడు. తల్లి ఇక్కడే ఉండిపోయింది. ఆమె సంగతి తరువాత చెబుతాము.

ఒకటి కనబడితే మిగతావి వెదకాలి

ఈ లోపంతో పుట్టిన బిడ్డల్లో సుమారు సగం మందికి శరీరంలో ఇంకొక చోట కూడా లోపం ఉంటుంది. కొన్ని లోపాలు గుంపుగా కలిసి వస్తాయని 1973లో వైద్య పత్రికలో క్వాన్, స్మిత్ అనే వైద్యులు వివరించారు. దానికి ఇప్పుడు వ్యాక్టెర్ల్ అని పేరు. ఇంగ్లీషులో ఆయా అవయవాల పేర్ల మొదటి అక్షరాలను కలిపితే ఈ మాట వచ్చింది. వెన్నుపూసలు, మలద్వారం, గుండె, శ్వాసనాళం, అన్నవాహిక, మూత్రపిండాలు, చేతులు, కాళ్ళు. వీటిలో కనీసం మూడింటిలో లోపం ఉంటే ఆ పేరు పెడతారు.

అందుకే అన్నవాహిక లోపం ఉందని తెలిసిన ప్రతి బిడ్డకూ మలద్వారం ఉందో లేదో చూస్తారు. గుండెకు ఎకో చేస్తారు. కడుపు స్కానింగు చేసి రెండు కిడ్నీలూ ఉన్నాయా, వాపు ఉందా చూస్తారు. వెన్ను ఎక్స్-రే తీస్తారు. బొటనవేళ్ళు, ముంజేతులు పరీక్షిస్తారు. ఎకో వల్ల ఇంకొక ఉపయోగం ఉంది. గుండె నుండి బయలుదేరే పెద్ద రక్తనాళం కొద్దిమంది బిడ్డల్లో కుడి వైపుకు వంగి ఉంటుంది. అది ముందే తెలిస్తే సర్జన్‌గారు ఛాతీని ఏ వైపున తెరవాలో నిర్ణయించుకుంటారు.

మన పాపకు గుండెలో చిన్న రంధ్రం కనబడింది. దానంతట అదే మూసుకుపోవచ్చని చెప్పారు. ఒక వెన్నుపూస సగమే ఏర్పడింది. కుడి కిడ్నీలో కొద్దిగా వాపు ఉంది. రెండో రోజు ఆపరేషన్ జరిగింది. వారం తరువాత రంగు మందు పట్టి ఎక్స్-రే తీసి, కుట్లు గట్టిగా ఉన్నాయని చూసి, తల్లిపాలు మొదలుపెట్టారు. మూడో వారం చివర పాప ఇంటికి వచ్చింది. ఊరంతా వచ్చి చూసి వెళ్ళారు.

మాట ఎక్కడ తెగిపోయింది?

ఇంటికి వచ్చేసరికి ఆ పాపకు ఆరుగురు డాక్టర్లు ఉన్నారు. పిల్లల సర్జన్, గుండె డాక్టరు, కిడ్నీ డాక్టరు, ఎముకల డాక్టరు, అన్నవాహిక బిగిస్తే ఎండోస్కోపీతో వెడల్పు చేసే డాక్టరు, టీకాలు వేసే మా పిల్లల డాక్టరు. ప్రతి ఒక్కరూ తమ భాగాన్ని చక్కగా చూశారు. సర్జన్‌గారు మచ్చ చూసి, పాలు తాగుతోందా అని అడిగి, బాగుందన్నారు. గుండె డాక్టరు రంధ్రం చిన్నదైందన్నారు. మేము టీకాలు వేసి, బరువు చూసి పంపాము.

డిశ్చార్జి కాగితం మూడో పేజీలో అడుగున ఒక వాక్యం ఉంది. ఆరు వారాల తరువాత కిడ్నీ స్కానింగు మళ్ళీ చేయించాలి, జ్వరం వస్తే మూత్ర పరీక్ష తప్పనిసరి అని. అది ఇంగ్లీషులో ఉంది. తండ్రి ప్రతిసారీ మొదటి పేజీనే చూపించేవాడు, ఎందుకంటే ఆపరేషన్ సంగతి అందులో ఉంది. మిగతా పేజీలు ఎక్స్-రే కవరులో ఉండిపోయాయి.

నాలుగో నెలలో జ్వరం వచ్చింది. ఊళ్ళో జలుబు జ్వరమని సిరప్ ఇచ్చారు. ఆరో నెలలో మళ్ళీ వచ్చింది. వేరే చోట చూపించారు. దగ్గు కూడా ఉండడంతో ఆస్తమా అని ఆవిరి మందు పెట్టారు. గౌను వేసి ఉన్న పాప వీపు మీద, చంక క్రింద ఉన్న ఆపరేషన్ మచ్చను అక్కడ ఎవరూ చూడలేదు. తల్లి కూలికి వెళ్ళింది. వెంట వెళ్ళిన నాయనమ్మ, "పుట్టినప్పుడు ఏదో ఆపరేషన్ అయింది, బాగైపోయింది" అని చెప్పింది. ఆమె అబద్ధమాడలేదు. ఆమెకు తెలిసింది అంతే.

ఎనిమిదో నెలలో మూడోసారి జ్వరంతో మా దగ్గరకు వచ్చింది. ఈసారి మూత్రం పరీక్ష చేయించాము. నిండా చీము కణాలు. మూత్రకోశం నుండి మూత్రం వెనక్కి కిడ్నీలోకి ఎగదన్నుతోందని తరువాతి ఎక్స్-రేలో తెలిసింది. ఇన్‌ఫెక్షన్ మాటిమాటికీ వచ్చి కుడి కిడ్నీ మీద మచ్చలు పడ్డాయని ప్రత్యేక స్కానింగులో తేలింది. ఎడమ కిడ్నీ బాగుంది. పాప ఇప్పుడు చక్కగా ఆడుకుంటోంది. కాని పోయిన భాగం తిరిగి రాదు.

ఈ తప్పు ఎవరిది? ఆరుగురిలో ఏ ఒక్కరిదీ అనలేము. మాది కాదని కూడా అనలేము. టీకాలకు వచ్చినప్పుడు మేమూ ఆ మూడో పేజీ అడగలేదు. అందరి పనీ చివరకు ఎవరి పనీ కాకుండా పోయింది.

నోటు పుస్తకం

ఆ తరువాత మేము ఖరీదైన పని ఏదీ చేయలేదు. వంద పేజీల పొడుగు నోటు పుస్తకం కొన్నాము. ప్లాస్టిక్ అట్ట వేశాము. పాప ఎక్కడికి వెళ్ళినా అది వెంట వెళ్ళాలి. బిడ్డను ఎవరు ఎత్తుకుంటే పుస్తకం వారి సంచిలో ఉండాలి. ఇటువంటి బిడ్డ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇది తయారు చేసుకోవచ్చు.

మొదటి పేజీ: బిడ్డ పేరు, పుట్టిన తేదీ, బ్లడ్ గ్రూపు. లోపాలు ఏమిటో ఒక్కొక్కటి ఒక్కొక్క వరుసలో, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. ఆపరేషన్ ఏమిటి, ఎప్పుడు జరిగింది. పడని మందులు.

రెండో పేజీ: ఎర్ర సిరాతో హెచ్చరికలు. మన పాప పుస్తకంలో ఇలా ఉంది. "జ్వరం వస్తే మూత్ర పరీక్ష చేయకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టవద్దు. దగ్గు, ఆయాసం వస్తే ఆస్తమా అనుకునే ముందు అన్నవాహిక సంగతి చూడండి. ఉమ్మి కూడా మింగలేకపోతే వెంటనే సర్జన్‌గారికి ఫోన్ చేయండి."

మూడో పేజీ: డాక్టర్ల పట్టిక. ఏ డాక్టరు, ఏ భాగం, చివరిసారి ఎప్పుడు చూశారు, ఏమన్నారు, మళ్ళీ ఎప్పుడు రావాలి. ఈ చివరి గడి ఖాళీగా ఉండకూడదు. ఇక రానక్కరలేదని డాక్టరు చెబితే ఆ మాటే వ్రాయించుకోవాలి.

నాలుగో పేజీ: మందులు. చెంచాల లెక్క వద్దు. ఇళ్ళలో చెంచాలన్నీ ఒక కొలతలో ఉండవు. మందుల షాపులో ఇచ్చే సిరంజితో ఎన్ని ఎం.ఎల్. అనేది వ్రాయాలి. బిడ్డ బరువు పెరిగేకొద్దీ డోసు మారుతుంది, కాబట్టి తేదీ కూడా వేయాలి.

ఆ తరువాతి పేజీలు: ప్రతి ఆసుపత్రి సందర్శన. డాక్టరుగారిని రెండు వాక్యాలు వ్రాయమని అడగండి. మొహమాటపడవద్దు. తీరిక లేకపోతే సిస్టరు చేత వ్రాయించుకోండి. ఎడమ పేజీలో మీరు అడగదలచిన ప్రశ్నలు ఇంటి దగ్గరే వ్రాసుకుని వెళ్ళండి.

ఫోన్‌లో ఫోటోలు ఉన్నాయి కదా, పుస్తకం ఎందుకని కొందరు అడుగుతారు. ఫోటోలు తీసి ఉంచుకోండి, మంచిదే. కాని తండ్రి ఫోన్ తండ్రితో పనికి వెళ్తుంది. జ్వరం మాత్రం బిడ్డ ఇంట్లో ఉన్నప్పుడు వస్తుంది.

పుస్తకంతో పాటు ఒక మనిషి కూడా కావాలి. మా దగ్గర ఒక సిస్టరుకు ఆ బాధ్యత ఇచ్చాము. నెలకొకసారి ఆమె తల్లికి ఫోన్ చేస్తుంది. పట్టికలో ఏ తేదీ దాటిపోయిందో చూస్తుంది. పెద్దాసుపత్రిలో కిడ్నీ డాక్టరు, సర్జన్ ఒకే రోజు చూసేలా తేదీలు అడిగి కలుపుతుంది. రెండు ప్రయాణాలు ఒకటైతే రెండు రోజుల కూలి, బస్సు ఛార్జీలు మిగులుతాయి. చాలా కుటుంబాలు చెకప్పులకు వెళ్ళకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు, ఆ కూలి డబ్బులే.

తల్లిదండ్రులకు ఎలా చెప్పాలి?

ఇప్పుడు తల్లి సంగతి. పాపను పెద్ద ఊరికి తీసుకువెళ్ళిన రాత్రి, ఆమెకు ఏమీ చెప్పవద్దని బంధువులు సిస్టర్లను బ్రతిమాలారు. "పచ్చి బాలింత, తట్టుకోలేదు" అన్నారు. వారిది ప్రేమే. కాని పక్క మంచం మీద బిడ్డ లేదు. ఎవరూ కళ్ళలోకి చూడడం లేదు. ఆమె పాప చనిపోయిందనుకుంది. తెల్లవారేవరకు గోడవైపు తిరిగి పడుకుంది.

ఉదయం డాక్టరుగారు వచ్చి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. కాగితం మీద రెండు గొట్టాలు గీసి చూపించారు. "మీ పాప బ్రతికే ఉందమ్మా. మింగే దారి ఇక్కడ తెగింది. దీన్ని కలుపుతారు. మీరు పాలు పిండి పంపాలి, పాపకు అవే కావాలి" అన్నారు. ఆమె అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, లేచి కూర్చుని, పాలు పిండడం ఎలాగో చూపించమంది.

ఆ ఉదయం నుండి మేము నేర్చుకున్నవి కొన్ని:

తల్లినీ తండ్రినీ వీలైతే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి చెప్పాలి. వరండాలో నిలబడి చెప్పకూడదు. లోపం పేరు కంటే ముందు బిడ్డ గురించి మాట్లాడాలి. తెలిసినదే చెప్పాలి. తెలియనిదాన్ని "రేపు ఎకో అయ్యాక చెబుతాను" అని చెప్పి, రేపు తప్పకుండా వెళ్ళి చెప్పాలి. ఇంట్లో నిర్ణయాలు చేసే పెద్దవారు ఎవరో అడిగి, తల్లి ఒప్పుకుంటే వారినీ కూర్చోబెట్టాలి. నాయనమ్మకు మొదటి రోజే సరిగా చెప్పి ఉంటే, ఆరో నెలలో ఆవిరి మందు పెట్టించే అవసరం వచ్చేది కాదేమో.

చెప్పిన తరువాత తిరిగి చెప్పించుకోవాలి. "అర్థమైందా?" అని అడిగితే అందరూ తల ఊపుతారు. మా సిస్టరు ఇలా అడుగుతుంది. "అమ్మా, నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలి. ఇంటికి వెళ్ళాక మీ అత్తగారు అడిగితే ఏమని చెబుతారు?" ఒక తల్లి, "గుండెకు గొట్టం అతికించారని చెబుతాను" అంది. అప్పుడే మాకు తెలిసింది, అరగంట మాట్లాడి మేము ఏమీ చెప్పలేదని. మళ్ళీ బొమ్మ గీశాము.

ఇంటికి వెళ్ళాక జాగ్రత్తలు

ఆపరేషన్‌తో కథ ముగియదు. అతికిన చోట అన్నవాహిక కొంతమందిలో బిగుస్తుంది. అప్పుడు ఎండోస్కోపీ ద్వారా వెడల్పు చేయాలి. కొందరికి పలుమార్లు చేయవలసి వస్తుంది. కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నడం ఈ పిల్లల్లో ఎక్కువ. బాగుంది కదా అని డాక్టరుకు చెప్పకుండా ఆ మందు మానకూడదు. శ్వాసనాళం మెత్తగా ఉండడం వల్ల కుక్క మొరిగినట్టు దగ్గు వస్తుంది. వయసు పెరిగేకొద్దీ అది చాలామందిలో తగ్గుతుంది.

బిడ్డకు తల ఎత్తుగా ఉంచి, మెల్లగా, మధ్యలో ఆపుతూ పాలు పట్టండి. ఆరు నెలలు నిండాక డాక్టరు చెప్పిన ప్రకారం జావ, ఆ తరువాత మెత్తగా చిదిమిన పప్పన్నం, పాలలో నానిన ఇడ్లీ మొదలుపెట్టండి. ముద్ద చిన్నదిగా ఉండాలి. ముద్దకు ముద్దకు మధ్య గుటకెడు నీళ్ళు పట్టండి. పల్లీలు, జంతికలు, మాంసం ముక్కలు, ద్రాక్షపండ్లు చిన్న వయసులో వద్దు.

ముద్ద అడ్డం పడితే చేపముల్లు దిగడానికి అన్నం ముద్ద మింగించినట్టు ఇంకొక ముద్ద పెట్టకండి. అది పరిస్థితిని ఇంకా కష్టం చేస్తుంది. ఉమ్మి కారుతూ ఉంటే, పాలు తాగేటప్పుడు నీలంగా మారితే, డొక్కలు ఎగరేస్తే, పుస్తకం తీసుకుని వెంటనే ఆసుపత్రికి రండి.

అంగన్‌వాడీ టీచరుకు, తరువాత బడి పంతులుగారికి మొదటి రెండు పేజీలు చూపించండి. మిగతా పిల్లల్లాగే ఆడనివ్వమని చెప్పండి. తినడానికి మాత్రం కొంచెం ఎక్కువ సమయం ఇవ్వాలి. సగం ఏర్పడిన వెన్నుపూస ఉన్న బిడ్డ ఎదిగేటప్పుడు వెన్ను వంగవచ్చు. అందుకే చూడడానికి నిటారుగా ఉన్నా ఎముకల డాక్టరు చెప్పిన తేదీకి వెళ్ళాలి.

ఖర్చు, సహాయం

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద పుట్టిన బిడ్డ నుండి 18 ఏళ్ళ వరకు పిల్లలను ఉచితంగా పరీక్షిస్తారు. జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. మీ ఆశా కార్యకర్తను లేదా ఏ.ఎన్.ఎం.ను అడగండి. ఆపరేషన్ల ఖర్చుకు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ ఉన్నాయి. రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు పుస్తకం అట్టలోనే పెట్టుకోండి. ఆరోగ్యమిత్ర దగ్గర తిరగవలసిన పని తగ్గుతుంది. గాషే, పాంపే వంటి కొన్ని అరుదైన జబ్బులకు 2021 జాతీయ విధానం క్రింద కేంద్ర ప్రభుత్వ సహాయం ఉంది. దానికి హైదరాబాదులో నిమ్స్‌ను సంప్రదించాలి. ఆ సహాయం పట్టికలో చేర్చిన జబ్బులకు మాత్రమే వర్తిస్తుంది.

తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రహణం పట్టినప్పుడు బయటికి వచ్చాను. అందువల్లనా?
కాదు. చందమామకు, బిడ్డ అన్నవాహికకు సంబంధం లేదు. మీరు గర్భవతి అని మీకే సరిగా తెలియని రోజుల్లో ఇది ఏర్పడింది. మీరు తిన్నదాని వల్ల, ఎత్తిన బరువు వల్ల, మీ పాపాల వల్ల వచ్చింది కాదు. చాలామంది బిడ్డల్లో కారణం ఫలానా అని చెప్పలేము.

స్కానింగులో ఎందుకు తెలియలేదు?
చాలాసార్లు ఇది స్కానింగులో కనబడదు. ఉమ్మనీరు ఎక్కువగా ఉండడం, బిడ్డ కడుపు సంచి చిన్నదిగా కనబడడం గుర్తులు. ఉమ్మనీరు ఎక్కువని చెబితే సర్జన్ ఉన్న చోట కాన్పు చేయించుకోవడం మంచిది.

తరువాతి బిడ్డకు కూడా వస్తుందా?
చాలావరకు రాదు. నూటికి ఒకరికి మించి రావడం అరుదు. అయినా మేనరికమైనా, కుటుంబంలో ఇంకెవరికైనా లోపాలున్నా డాక్టరుకు చెప్పండి, ఎందుకంటే కొన్ని ఇతర జబ్బులు వంశపారంపర్యంగా వస్తాయి. షుగరు ఉంటే గర్భం రాకముందే అదుపులో పెట్టుకోండి. ఫోలిక్ యాసిడ్ మాత్రలు గర్భానికి ముందు నుండే వేసుకుంటే వెన్నుపాము లోపాలు తగ్గుతాయి.

మా బిడ్డ మామూలుగా బ్రతుకుతుందా?
1994లో లండన్ వైద్యుడు లూయిస్ స్పిట్జ్ బృందం ప్రకటించిన లెక్కల్లో, కేజీన్నర కంటే ఎక్కువ బరువుండి, పెద్ద గుండె లోపం లేని బిడ్డల్లో నూటికి 97 మంది బ్రతికారు. ఆలస్యంగా రావడం, ఊపిరితిత్తుల్లోకి పాలు పోవడం ఈ అవకాశాన్ని తగ్గిస్తాయి. అందుకే మొదటి గంటలు అంత ముఖ్యం.

చివరగా

మన పాపకు ఇప్పుడు నాలుగేళ్ళు. మొన్న చెకప్పుకు నాయనమ్మతో వచ్చింది. నాయనమ్మకు చదువు రాదు. అయినా సంచిలో నుండి పుస్తకం తీసి, ఎర్ర సిరా ఉన్న పేజీ తెరిచి, వ్రేలు పెట్టి చూపించింది. "డాక్టరుగారూ, ముందు ఇది చూడండి. జ్వరం వచ్చింది. మూత్రం సీసాలో పట్టి తెచ్చాను" అంది.

ఆ సీసాను పరీక్షకు పంపాము. ఇన్‌ఫెక్షన్ లేదు. మామూలు జలుబే. ఆ సంగతి తేదీ వేసి పుస్తకంలో వ్రాశాము.